ఒక ప్రయాణికుడు

ముందు బెల్టు చప్పుడు వినిపించింది. గరగర, గరగర, కాస్త ఆగి మళ్ళీ గరగర. ఖాళీ ట్రే ఒకటి డొల్లగా దొర్లింది. దాని వెనక బరువైనదేదో రోలర్ల మీదికెక్కి మూలిగింది. చక్రాల పెట్టె అయివుండాలి. ఒక చక్రం అరిగినట్టుంది, తక్కినవాటితో శ్రుతి కలవడం లేదు.

అడ్డగోడ వెనక బల్లమీద ఆమె రెండు అరచేతులూ కళ్ళకు కప్పుకుని కూర్చుంది. విమానాశ్రయంలో సామాను తనిఖీ చేసేవాళ్ళు తెర ముందు కాసేపు కూర్చుంటే, లేచి కాసేపు కళ్ళకు విశ్రాంతి ఇవ్వాలని నియమం. కళ్ళు మూసుకున్నంతమాత్రాన రంగులు వదలవు. బట్టల నారింజ, సీసాల ఆకుపచ్చ, తాళాల నీలం రెప్పల లోపల తేలుతూనే ఉంటాయి. ఆమె చూపు మహా తీక్షణమని తోటివాళ్ళు డేగ అని పిలుస్తారు. ఆ పిలుపులో మెచ్చుకోలు ఎంత ఉందో, ఏడుపూ అంతే ఉంది.

"డేగమ్మా, లేవాలి. ఇంకా ఉడకలేదా కళ్ళు?" అంది ఆడవాళ్ళను తడిమి చూసే ఆవిడ. లావాటి మనిషి. వయసుతో నిమిత్తం లేకుండా ఆవిడ అక్కడ అందరికీ వదినే.

"ఉడికాయి వదినా. తొక్క తియ్యడమే తరువాయి."

డేగ వచ్చి తెర ముందు కూర్చుంది. కుర్చీ ఇంకా వెచ్చగానే ఉంది. సంచులు ఒకదాని వెనక ఒకటి లోపలికి పోయి, తమ కడుపులు తెరమీద పరిచి, అటువైపు తేలుతున్నాయి. గొడుగు ఊచలు. చార్జర్ల పేగులు. బూటు అడుగున మేకుల వరస.

ఈ మెషిన్ దగ్గర ఒక మాయ ఉంది. కూర్చున్న మనిషి మెలకువగా ఉందో లేదో కనిపెట్టడానికి అప్పుడప్పుడు ఎవరి సంచిలోనో లేని కత్తిని, లేని తుపాకీని బొమ్మకట్టి చూపిస్తుంది. చూసి ఎర్రమీట నొక్కితే, ఇది పరీక్ష, సరిగ్గా పట్టుకున్నారు అని తెరమీద అక్షరాలు పడతాయి. అక్షరాలు పడలేదంటే అది నిజం. అప్పుడు సంచి పక్కకు లాగి, యజమాని ఎదుటే తెరవాలి. ఆ లేని ఆయుధాలను అక్కడి వాళ్ళు ఉత్తుత్తి బొమ్మలంటారు. ఏళ్ళ తరబడి ఉత్తుత్తి కత్తులు పట్టి పట్టి అందరి బుర్రల్లోనూ ఒక సోమరితనం గూడు కట్టుకుంది. ఏది కనబడినా మొదట తోచేది, ఉత్తుత్తిదేనని.

వరసలో కలకలం రేగింది. షిఫ్టు ఇన్‌ఛార్జి ఎవరి పెట్టెనో తన చేత్తో మోసుకొస్తున్నాడు. పక్కన చేతులూపుకుంటూ నడిచేది పురపాలక సంఘంలో మెంబరు. ఊళ్ళో ఆయన్ని మెంబరుగారు అంటే చాలు. కౌన్సిల్‌లో తక్కిన మెంబర్లు ఎంతమంది ఉన్నా, ఆ మాట ఆయనకే చెల్లుతుంది. ఈ విమానాశ్రయం పురపాలక సంఘానిదే. రన్‌వే మొదలుకొని చెత్తబుట్ట దాకా కౌన్సిల్ డబ్బుతో నడిచేదే. అందుచేత ఆయన అక్కడ నడిచే తీరు, సొంత పెరట్లో నడిచినట్టు ఉంటుంది.

ఇన్‌ఛార్జి పెట్టెను బెల్టుమీద పెట్టాడు, నిద్రపోయే బిడ్డను పడుకోబెట్టినంత జాగ్రత్తగా.

డేగ బెల్టు ఆపింది.

మడత చొక్కాల నారింజరంగు కింద, పెట్టె చట్రాన్ని ఆనుకుని, నిలువుగా ఒక ముదురు నీలం. పైనుంచి చూస్తే చట్రంలో భాగమే అనిపిస్తుంది. కాని చట్రానికి పిడి ఉండదు. పిడి లోపల మెలికలు మెలికలుగా స్ప్రింగు ఉండదు. ఆమె ఎర్రమీట నొక్కింది. అక్షరాల కోసం చూసింది. అక్షరాలు లేని తెర ఆమెనే చూస్తోంది.

ఇన్‌ఛార్జి వంగాడు. "ఏంటి?"

"తుపాకీ సార్."

"ఉత్తుత్తిది."

"మెసేజ్ రాలేదు."

"మొన్న కూడా ఆలస్యంగా వచ్చిందిగా. ముసలి మెషిన్." అతని గొంతు ఎప్పుడూ పైకి లేవదు, కోపంలో ఇంకా కిందికి దిగుతుంది. "మెంబరుగారి పెట్టెమ్మా అది. వెనక వరస చూడు. వదులు."

మొన్న నిజంగానే అక్షరాలు ఆలస్యంగా పడ్డాయి. ఆ మాట ఆమె చేతికి ఆసరాగా దొరికింది. అబద్ధమని తెలిసిన ఆసరా. ఐనా చెయ్యి దాన్నే పట్టుకుంది. ఆకుపచ్చ మీట నొక్కింది. బెల్టు కదిలింది.

మెంబరు పెట్టె అందుకుంటూ తెరవైపు తొంగిచూశాడు. "ఏమ్మాయ్, మా కౌన్సిల్ కొన్న మెషినే ఇది. కళ్ళకు బాగా ఆనుతోందా?"

ఇన్‌ఛార్జి నవ్వాడు. వదిన నవ్వింది. నవ్వకపోతే బాగుండదని డేగ కూడా పెదవులు కదిపింది.

ఆ తరవాత ఎన్ని సంచులు పోయాయో, ఆమె చూపు మాత్రం తెర మూలనే వేలాడింది. అక్షరాలు పడలేదు. గేటు దగ్గరికి ఫోన్ చెయ్యొచ్చు. ఫోన్ చేతికందే దూరంలోనే ఉంది. తన వంతు అయిపోయింది. వెళ్ళి బల్లమీద కూర్చుని కళ్ళకు అరచేతులు కప్పుకుంది. ఆ చీకట్లో, విమానం నేల విడిచిన చప్పుడు విన్నది.

*

మెంబరు విమానం మారే ఊళ్ళో పెట్టెను మళ్ళీ తనిఖీ చేశారు. అక్కడి మెషిన్ కొత్తది, అక్కడి ఇన్‌ఛార్జికి మెంబరు ఎవరో తెలియదు. తుపాకీ బయటపడింది. దానికి లైసెన్సు ఉంది. పెట్టెలో ఉన్న సంగతి మరిచిపోయాను అన్నాడట ఆయన. పరిచయాలు పనిచేశాయి. ఆయన తరవాతి విమానంలో హాయిగా ఇంటికొచ్చాడు. ఇంటికి రాకుండా ఉండిపోయింది ఒక్కటే, ఆయన పేరు. మర్నాడు పత్రికలో ఒక ప్రయాణికుడు అని పడింది. రేడియోలో ఒక ప్రయాణికుడు అన్నారు. విమానాల కంపెనీ మాత్రం మర్యాద పాటించలేదు. ఇక్కడ భద్రత గట్టిపడేదాకా తమ విమానాలు దిగవని చెప్పేసింది.

ఊరు భగ్గుమంది. విమానాలు ఆగితే హోటళ్ళు, సామాను మోసేవాళ్ళు, టాక్సీలు, అన్నీ పడుకున్నట్టే. ఆ ప్రయాణికుడెవరో టాక్సీ స్టాండులో అందరికీ తెలుసు. ఎక్కించుకుని తెచ్చింది వాళ్ళే. తెలిసినా ఆయనమీద కోప్పడ్డానికి వాళ్ళకు గుండె చాల్లేదు. కోపం ఎక్కడో ఒకచోట దించుకోవాలి కదా. పొద్దున్నే డేగ బస్సు దిగి స్టాండు పక్కనుంచి నడుస్తుంటే, ఒక డ్రైవరు బానెట్ తుడుస్తూ ఆగాడు.

"అక్కా, నా చేతిలో ఏముందో చెప్పు చూద్దాం. గుడ్డా, తుపాకీయా?"

"దగ్గరికెళ్ళి చూపించరా, దూరంనుంచి ఆనదు ఆవిడకి," అన్నాడు ఇంకొకడు.

ఆమె నడక మార్చలేదు. వెనక నవ్వు ఆమెకంటే వేగంగా వచ్చి, ముందుకు దాటిపోయి, గేటు దగ్గర ఎదురుచూసింది.

ఇన్‌ఛార్జి గదిలో ఒకటే కుర్చీ. అందులో అతనున్నాడు. కళ్ళజోడు తీసి టై కొసతో తుడుస్తూ మాట్లాడాడు. తుడిచేటప్పుడు అతనికి ఎదుటి మనిషి మొహం మసకగా కనబడుతుంది. కష్టమైన మాటలన్నీ అతను అప్పుడే చెబుతాడు.

"కౌన్సిల్ అత్యవసర సమావేశం పెట్టింది. మంచి తీర్మానమే చేస్తున్నారు. కొత్త మెషిన్, ఇంకాస్త కాపలా, కంచెకి దీపాలు. నువ్వూ నేనూ ఎన్నాళ్ళనుంచి అడుగుతున్నామో అవన్నీ."

"అవును సార్."

"కంపెనీవాళ్ళు మనుషుల మీద చర్య కూడా అడిగారు."

"మనుషులంటే?"

"బెల్టు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు."

"వదలమన్నది మీరు."

"నేనన్నానా?" అతను టై కొస ఇంకొంచెం పైకి లాగాడు. "నాకు గుర్తులేదమ్మా. గుర్తున్నా, తెర చూసే అధికారం నీది. నా మాట విని వదిలావంటే, రేపు ఎవడి మాటైనా విని వదులుతావనేగా అర్థం? అలాంటి మనిషికి తనిఖీ సర్టిఫికెట్ ఎందుకంటారు. సర్టిఫికెట్ పోతే ఇక్కడే కాదు, ఏ విమానాశ్రయంలోనూ గేటు తుడిచే పని కూడా ఇవ్వరు."

ఆమె నిలబడి ఉంది. గోడకు భద్రతా నియమాల బోర్డు వేలాడుతోంది. నిప్పు బొమ్మ, కత్తెర బొమ్మ, బాంబు బొమ్మ, ప్రతిదాని మీదా ఎర్రగీత.

"ఇంకో దారి ఉంది," అన్నాడు అతను. "సమావేశంలో నిలబడి, పరీక్ష బొమ్మ అనుకుని నేనే వదిలేశాను, నాదే పొరపాటు అని చెప్పు. రెండు ముక్కలు. మెంబరుగారే లేచి, పాపం, మళ్ళీ ట్రైనింగ్ ఇప్పిద్దాం అంటారు. నేను మాట్లాడాను. సర్టిఫికెట్‌కి ఢోకా లేదు."

"ఆయనే లేస్తారా?"

"భద్రతా ఉపసంఘానికి ఆయనే పెద్ద. తీర్మానం పెట్టేది ఆయనే."

కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఇప్పుడు ఆమె మొహం అతనికి స్పష్టంగా కనబడింది. వెంటనే బల్లమీది కాగితాలవైపు తిరిగాడు.

*

ఇంట్లో అత్త ఇస్త్రీ చేస్తోంది. వీధిలోవాళ్ళ బట్టలన్నీ ఆవిడ బల్లమీదికే వస్తాయి. నీళ్ళు చిలకరించడం, పెట్టె ఆనించడం, ఆవిరిలో ఎవరినో ఒకరిని తిట్టడం, ఈ మూడూ ఒకే కదలికలో జరిగిపోతాయి.

"వచ్చింది మహాతల్లి," అంది తలెత్తకుండా. "నీ ఘనకార్యం విన్నాను. పాలవాడు చెప్పాడు, పక్కింటావిడ చెప్పింది, రేడియో చెప్పింది. నువ్వొక్కదానివే చెప్పలేదు."

"ఏం చెప్పమంటారు అత్తయ్యా?"

"మొగుడికి చెప్పు. అదిగో, మొహం మాడ్చుకుని కూర్చున్నాడు."

భర్త గుమ్మంలో కూర్చుని నడుముకున్న తోలుబెల్టు విప్పుకుంటున్నాడు. వీధిదీపాలు బాగుచేసే పని అతనిది. కౌన్సిల్ కింద కాంట్రాక్టు. పగలంతా నిచ్చెన బండిమీద, స్తంభాల నెత్తిన. సాయంత్రం నేలమీద నడిచినా, పడిపోతానేమోనన్నట్టు గోడ పట్టుకుంటాడు.

"కంచెకి దీపాలంట," అన్నాడు. "రన్‌వే చుట్టూ. చూసుకోడానికి పర్మనెంటు మనిషిని వేస్తారంట. ఆఫీసులో పిలిచి చెప్పారు, నీ పేరే అనుకుంటున్నాం అని."

"ఎవరు చెప్పారు?"

"ఎవరైతే నీకేం? మెంబరుగారి మనిషి." బెల్టు కొక్కేనికి తగిలించాడు. "చెప్పిన రెండు ముక్కలు చెప్పి కూర్చుంటే అయిపోద్ది కదా. నువ్వు నొక్కలేదా ఆ మీట? నొక్కావు. అబద్ధం చెప్పమనడంలేదుగా ఎవరూ."

"సగమే చెప్పమంటున్నారు."

"సగం చెప్తే సగం జీతమేం రాదు. మొత్తం వస్తుంది." తన జోకు తనకే నచ్చలేదు. గొంతు మారింది. "నేను స్తంభమెక్కినప్పుడు కింద బండివాడు కరెంటు తీశానంటే, నమ్మి వైరు పట్టుకుంటాను. మాట నమ్మే బతుకుతున్నాం అందరం. నీ ఒక్కదానికే వచ్చిందా ఈ రోషం?"

"కింద వాడు తీయకుండా తీశానంటే?"

"చస్తాను. చచ్చినోడు మీటింగుకెళ్ళి మాట్లాడడు."

అత్త ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. ఒక చొక్కా చెయ్యి పట్టుకుని రెండువైపులా తిప్పి చూసి, కాలరు దగ్గర గీత మిగిలిందని మళ్ళీ పరిచింది. "ఇద్దరూ అరవకండి, బట్టలకి మడతలు పడుతున్నాయి," అంది. "ఒసే, నువ్వు చూశావా లేదా ఆ తుపాకీ?"

"చూశాను."

"చూసి వదిలావు."

"వదిలాను."

"మరింకేం. తిను, పడుకో. ఇందులో సతీ సావిత్రులెవరూ లేరు."

అత్త మాటల్లో దయ ఎప్పుడూ ఉండదు. ఆ రోజూ లేదు. అన్నం గిన్నె ముందుకు తోసి, మూత చప్పుడయ్యేలా పెట్టింది. డేగ ముద్ద నోట్లో పెట్టుకుంది. ముద్ద మింగుడు పడక పోలేదు, పడింది. తన ఆకలిమీద తనకే కోపం వచ్చింది.

*

సమావేశానికి ముందు రోజు ఆమెను తెర ముందు కూర్చోనివ్వలేదు. అటువైపు తేలిన ఖాళీ ట్రేలు పోగుచేసి, ఇటువైపు మోసుకొచ్చి పేర్చే పని ఇచ్చారు. ఆమె కుర్చీలో వేరే షిఫ్టు మనిషి కూర్చున్నాడు. సంచుల్లోకి చూడడంకంటే ఆమెవైపు చూడడమే ఎక్కువైంది అతనికి.

"వదినా, నువ్వక్కడే ఉన్నావు," అంది డేగ, ట్రేలు దించుతూ. "సార్ వదలమనడం విన్నావు."

వదిన చేతి తొడుగులు మార్చుకుంటోంది. వేళ్ళు ఒక్కొక్కటే దూరుస్తూ చాలాసేపు చేసింది. "నాకు ఆ చెవి సరిగా వినపడదు," అంది.

"ఏ చెవి?"

"నువ్వున్నవైపు చెవి."

నవ్వించడానికే అన్నట్టు అంది. కాని తనే నవ్వలేదు. తరవాతి ప్రయాణికురాలు చేతులు చాచి నిలబడింది. వదిన ఆమె భుజాలమీద అరచేతులు వేసింది. ఆ రోజంతా ఆ చేతులకు తీరిక దొరకలేదు.

మధ్యాహ్నం ఇన్‌ఛార్జి డేగను పిలిచాడు. "ఒకసారి అనుకుందామా?" అన్నాడు, పెళ్ళిలో పాట పాడబోయే పిల్లను అడిగినట్టు.

"ఏం అనుకోవాలి?"

"రేపు చెప్పేది. అను."

"పరీక్ష బొమ్మ అనుకుని నేనే వదిలేశాను. నాదే పొరపాటు."

"అంత గట్టిగా కాదు. పోట్లాటకొచ్చినట్టుంది. తల కాస్త దించు."

"పరీక్ష బొమ్మ అనుకుని నేనే..."

"నేనే దగ్గర ఆగకు. నేనే అన్నాక ఆగితే, ఇంకెవరో ఉన్నట్టుంటుంది."

"పరీక్ష బొమ్మ అనుకుని నేనే వదిలేశాను నాదే పొరపాటు."

"ఆఁ. ఇప్పుడు బాగుంది. నమ్మేట్టుంది." అతను నిజంగానే సంతోషించాడు. పని పూర్తయిన మనిషిలా చేతులు దులుపుకున్నాడు. "చూడమ్మా, నాకు నీ మీద పగలేదు. నువ్వు లేకపోతే ఈ షిఫ్టు గుడ్డిది. నేను పోతే నా కుర్చీలోకి వచ్చేవాడు నాకంటే మంచివాడేం కాదు."

అది నిజమేనని ఆమెకు తెలుసు. ఆ నిజమే ఆమెను ఎక్కువ మండించింది. ట్రేల దగ్గరికి తిరిగివెళ్ళి, ఒకదానిలో ఒకటి దిగేలా కొట్టి కొట్టి పేర్చింది. పేర్చిన దొంతర ఆమె ఛాతీ ఎత్తుకు లేచింది. ప్రతి దెబ్బకూ పెదవులు ఆ వాక్యమే అంటున్నాయి. అనగా అనగా ఆ వాక్యం అరిగిపోయి, నున్నబడి, ఎవరి నోటికైనా సరిపోయేలా తయారైంది.

*

కౌన్సిల్ హాలు నిండింది. టాక్సీవాళ్ళు వెనక వరసలు ఆక్రమించారు. హోటళ్ళవాళ్ళు ముందు వరసల్లో చొక్కా మడతలు నలగకుండా కూర్చున్నారు. వదిన ఒక పక్కన, ఇన్‌ఛార్జి ఇంకో పక్కన, మధ్య కుర్చీలో డేగ. భర్త లోపలికి రాలేదు. తలుపు దగ్గర గోడ పట్టుకుని నిలబడ్డాడు.

వేదిక మీద అధ్యక్షురాలు నీళ్ళ గ్లాసు జరుపుకుంది. ఆమె కుడివైపు మెంబరు. వేదిక కింద చిన్న బల్ల దగ్గర గుమస్తా. అంతా ముగిసి ఎప్పుడు ఇంటికి పోదామా అన్న మొహం.

"మాట్లాడేవాళ్ళు మైకులోనే మాట్లాడండి," అన్నాడు గుమస్తా. "మైకులో పడిందే నేను రాస్తాను. కూర్చున్న చోటునుంచి అరిస్తే అది కౌన్సిల్‌కి వినబడనట్టే లెక్క."

తరవాత తీర్మానం చదివాడు. రెండో ఎక్స్‌రే మెషిన్. తెరమీద పడిన బొమ్మలన్నీ అందులో భద్రపరిచే సదుపాయం. కంచె పొడుగునా దీపాలు. గేటు దగ్గర అదనపు కాపలా. తనిఖీ ఉద్యోగుల వంతులు కుదించి, కళ్ళకు విశ్రాంతి పెంచడం. డేగకు ఆశ్చర్యం వేసింది. ఒక్కొక్క మాటకూ ఆమె మనసు అవునంటోంది. ఇవి ఇన్నాళ్ళూ తను అడగాలనుకుని, ఎవరిని అడగాలో తెలియక మింగేసిన మాటలు. శత్రువు నోట మన మాట వింటే, మాటమీద కూడా అనుమానం వస్తుంది.

ఆ తరవాత కారణాలు చదివాడు గుమస్తా. ఒక ప్రయాణికుడి సామానులో ఆయుధం ఉండగా, విధుల్లో ఉన్న తనిఖీ ఉద్యోగిని దాన్ని గమనించక పంపివేసినందున, అని చదివి, ఆ ఉద్యోగిని పేరు చదివాడు. ఇంటిపేరు, సొంత పేరు, భర్త పేరు, ఉండే వీధి. తీరిగ్గా, ఒక్క అక్షరం జారకుండా. వెనక వరసలో ఎవరో ఈల వేశారు. తలుపు దగ్గర భర్త, తన పేరు హాల్లో తిరుగుతుంటే, దాన్ని తప్పించుకుంటున్నట్టు పక్కకు జరిగాడు.

"ఉద్యోగిని వచ్చారా?" అంది అధ్యక్షురాలు.

ఇన్‌ఛార్జి మోచేయి తగిలించాడు. డేగ మైకు దగ్గరికి నడిచింది.

"పరీక్ష బొమ్మ అనుకుని నేనే వదిలేశాను నాదే పొరపాటు."

చక్కగా వచ్చింది. తల కూడా తగినంతే దిగింది. ఇన్‌ఛార్జి ఊపిరి విడిచిన సంగతి వెనకనుంచే తెలిసింది ఆమెకు. వెళ్ళి కూర్చోబోతే, మెంబరు చెయ్యెత్తాడు.

"ఉండమ్మాయ్, ఉండు. భయపడకు." ఆయన లేచి నిలబడ్డాడు. గొంతులో నిండుగా వాత్సల్యం. "సభ్యులారా, తప్పు ఒప్పుకోడానికి పెద్ద మనసు కావాలి. చిన్న ఉద్యోగి, అలసిన కళ్ళు. ఈవిడ సర్టిఫికెట్ తీసేసి కడుపు కొట్టడం నాకిష్టం లేదు. మళ్ళీ ట్రైనింగ్ ఇప్పిద్దాం. అంతదాకా ట్రేల పనో, కార్ పార్కింగో చూసుకుంటుంది. ఇక ఆ ప్రయాణికుడంటారా, పాపం ఆయనెవరో, ఆయన మాత్రం ఎంత బాధపడుతున్నాడో."

హాల్లో ఎవరూ నవ్వలేదు. నవ్వు రావలసిన చోట నవ్వు రాకపోతే ఎంత చప్పుడవుతుందో ఆమెకు అప్పుడు తెలిసింది. హోటళ్ళవాళ్ళు బూట్లు చూసుకున్నారు. టాక్సీవాళ్ళు సీలింగు చూశారు. అందరికీ తెలుసు. ఇందరికి తెలిసిన సంగతిని ఇందరూ కలిసి, తలా ఒక కొస పట్టుకుని, నేలకు తగలకుండా మోస్తున్నారు.

"చివరి అంశం కూడా చదివెయ్యి," అన్నాడు మెంబరు గుమస్తాతో.

గుమస్తా చదివాడు. భద్రత పటిష్ఠమైనందువల్ల వరసల్లో జాప్యం పెరుగుతుంది కనుక, ప్రజల పని మీద ప్రయాణించే కౌన్సిల్ సభ్యుల సమయం వృథా కాకుండా, సభ్యులకు తనిఖీ లేని ప్రత్యేక ద్వారం ఏర్పాటు చేయడమైనది.

మంచి అంశాలన్నిటి తరవాత, అన్నిటికంటే చిన్న అక్షరాల్లో ఉన్నదాన్ని చదివినట్టు, గబగబా చదివేశాడు.

డేగ అక్కడే నిలబడి ఉంది. కూర్చోమని ఇంకా ఎవరూ అనలేదు. కోపం వస్తుందనుకుంది. రాలేదు. తెర ముందు ముదురు నీలం చూసినప్పుడు వచ్చే నెమ్మది వచ్చింది. చుట్టూ చప్పుళ్ళు వెనక్కి పోయి, వస్తువు ఒక్కటే మిగిలే నెమ్మది. కొత్త మెషిన్ వస్తుంది. తనలాంటిదే ఇంకొకతె దాని ముందు కూర్చుంటుంది. పెట్టె మాత్రం పక్క తలుపులోంచి పోతుంది. ఇన్‌ఛార్జి వదలమని చెప్పాల్సిన అవసరం కూడా ఇకమీదట ఉండదు.

"అభ్యంతరాలున్నాయా?" అంది అధ్యక్షురాలు, గ్లాసు వైపు చెయ్యి చాస్తూ.

"నేను చెప్పింది పూర్తి కాలేదండి," అంది డేగ.

ఇన్‌ఛార్జి దగ్గాడు. ఆమె తిరిగి చూడలేదు.

"ఇంకేముందమ్మా?" మెంబరు చిరునవ్వు చెదరలేదు. "క్షమించేశాంగా."

"పరీక్ష బొమ్మ అనుకున్నానని చెప్పాను. అది అబద్ధం." మైకులోంచి తన గొంతు హాలు చివరికి పోయి వెనక్కి రావడం ఆమె విన్నది. "అది నిజమైన తుపాకీ అని నాకు తెలుసు. చట్రం పక్కన నిలువుగా ఉంది. ఎర్రమీట నొక్కాను. పరీక్ష అయితే అక్షరాలు పడాలి, పడలేదు. మా సార్ ఉత్తుత్తిది వదులు అన్నారు. వదిలాను. తెలిసి వదిలాను. విమానం ఇంకా నేలమీదే ఉంది, ఫోన్ నా పక్కనే ఉంది, చెయ్యలేదు. నా పొరపాటు అది. దానికి నా సర్టిఫికెట్ తీసెయ్యాలంటే తియ్యండి. ట్రైనింగ్ వద్దు నాకు. చూడ్డం నాకొచ్చు."

వెనక కుర్చీ ఒకటి కిర్రుమంది. వదిన ఒక చెయ్యి ఒడిలో పెట్టుకుని, రెండో చేత్తో తను వినపడదన్న చెవిని తడుముకుంటోంది. భర్త తలుపు పిడిమీద చెయ్యి వేశాడు. బయటికీ పోలేదు, లోపలికీ రాలేదు. చెయ్యి మాత్రం పిడిని వదల్లేదు.

"ఇది విచారణ సభ కాదు," అన్నాడు మెంబరు. చిరునవ్వు ఇంకా ఉంది, కాని దాని వెనకున్న మనిషి లేచి వెళ్ళిపోయినట్టుంది. "ఆ అమ్మాయిని కూర్చోబెట్టండి. మొగుడు కౌన్సిల్ పనివాడే అనుకుంటాను. ఎక్కడున్నాడు అతను?"

అధ్యక్షురాలు గ్లాసు పట్టుకుని తాగడం మరిచింది.

గుమస్తా కలం గీరుకుంటోంది. విన్నది విన్నట్టు, తల వంచి, అదే విసుగుతో రాసుకుంటూ పోతున్నాడు. రాసి రాసి ఒకచోట ఆగాడు. చివరి వాక్యంలో ఏదో ఖాళీ మిగిలినట్టు, కలం కొస అక్కడే ఆనించి అడిగాడు.

"పెట్టె ఎవరిదని రాయాలి? ఒక ప్రయాణికుడిదనే రాసెయ్యనా?"

"అలాగే రాయి," అన్నాడు మెంబరు.

"మీరు మైకులో లేరండి," అన్నాడు గుమస్తా, తలెత్తకుండా. "ఆవిడ చెప్పాలి."

డేగ మైకును తన ఎత్తుకు వంచుకుంది. దాని మెడ బిగుసుకుపోయి ఉంది, రెండు చేతులూ పట్టాల్సి వచ్చింది. ఎదురుగా ఉన్న మనిషిని చూసింది. ఆయన పెదవులు చిన్నగా కదులుతున్నాయి, వద్దని కావచ్చు, తిట్టు కావచ్చు. గుమస్తా రాసుకోడానికి వీలుగా, ఇంటిపేరుతో మొదలుపెట్టి, ఒక్కొక్క అక్షరం విడివిడిగా, ఆమె ఆయన పేరు చెప్పింది.